తక్కువ బడ్జెట్‌లో ఓవర్‌క్లాకింగ్: మదర్‌బోర్డులో డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు

ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి నడుపుదామని ఉంటుంది, చేతిలో డబ్బేమో అంతంతమాత్రం. ఇలాంటి పరిస్థితిలో చాలామంది పెట్టె మీది మాటలు చూసి బోర్డు కొనేస్తారు. గేమింగ్ అంటారు, ప్రో అంటారు, రంగురంగుల లైట్లు, వైఫై, మూడు ఎం.2 స్లాట్లు. వీటన్నింటికీ మనమే డబ్బు కడతాం, కానీ వాటివల్ల ప్రాసెసర్ వేగం ఒక్క మెగాహెర్ట్జ్ కూడా పెరగదు. ఓవర్‌క్లాకింగ్ వరకూ చూస్తే బోర్డులో ప్రధానంగా లెక్కలోకి వచ్చేవి రెండు: చిప్‌సెట్ (బోర్డు మీది కంట్రోల్ చిప్) ఇచ్చే అనుమతి, ప్రాసెసర్‌కి కరెంటు అందించే విభాగం. బడ్జెట్ టైట్‌గా ఉన్నప్పుడు మిగతా హంగులన్నీ పక్కనపెట్టి ఈ రెండింటినీ గట్టిగా పట్టుకోవాలి. మొదటిది చిన్న విషయం, త్వరగానే తేలిపోతుంది. రెండోదాని దగ్గరే అసలు తికమకంతా.

ముందు అనుమతి సంగతి

ఇంటెల్‌లో రూల్ కచ్చితంగా ఉంటుంది. ప్రాసెసర్ పేరు చివర కె గానీ కెఎఫ్ గానీ ఉండాలి, బోర్డు మీద జడ్ సిరీస్ చిప్‌సెట్ ఉండాలి, అంటే జడ్690, జడ్790, జడ్890 లాంటివి. రెండూ కుదిరితేనే మల్టిప్లయర్ (బేస్ క్లాక్‌ని ఎన్ని రెట్లు చేస్తే ప్రాసెసర్ వేగం వస్తుందో ఆ అంకె) పెంచుకోనిస్తుంది. బి660, బి760 బోర్డుల్లో కె ప్రాసెసర్ పెడితే అది చక్కగా పనిచేస్తుంది, మెమరీ వేగం కూడా పెంచుకోవచ్చు (ఈ సౌకర్యం 2021లో బి560తో వచ్చింది), కానీ ప్రాసెసర్ మల్టిప్లయర్ మాత్రం పైకి జరగదు. హెచ్610లో అయితే మెమరీ ఓవర్‌క్లాకింగ్ కూడా ఉండదు. 2022లో కొన్ని బి660 బోర్డుల మీద విడిగా క్లాక్ జనరేటర్ పెట్టడంతో 12వ తరం మామూలు ప్రాసెసర్లని కూడా బేస్ క్లాక్ పెంచి ఓవర్‌క్లాక్ చేశారు. 2015 చివర్లో స్కైలేక్ ప్రాసెసర్ల మీద ఇలాంటి దారే ఒకటి దొరికితే 2016లో బయోస్ (బోర్డు సెట్టింగులుండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో దాన్ని మూసేశారు. ఇలాంటి దొడ్డిదారుల్ని నమ్ముకుని మాత్రం బోర్డు కొనకండి, ఈరోజు ఉన్న ఆప్షన్ రేపటి బయోస్‌లో ఉంటుందన్న గ్యారంటీ ఏమీ లేదు.

1998లో సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్ ఉండేది. దాని మల్టిప్లయర్ 4.5, బస్సు వేగం (ఇప్పటి బేస్ క్లాక్ లాంటిది) 66 మెగాహెర్ట్జ్. బోర్డులో బస్సు వేగాన్ని 100కి మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 దగ్గర పరుగెత్తేది, అంటే ఏకంగా 50 శాతం ఎక్కువ. తక్కువ డబ్బుతో ఎక్కువ వేగం అనే ఆశ చాలామందిలో అప్పుడు పుట్టిందే. ఇప్పుడు కంపెనీలు ప్రాసెసర్‌ని దాని హద్దు దాకా లాగేసి మరీ అమ్ముతున్నాయి కాబట్టి మిగిలి ఉండేది చాలా తక్కువ, ఈ వ్యాసంలో చెప్పే లెక్కలన్నీ ఆ కొద్దిపాటి మిగులు గురించే.

ఏఎమ్‌డీ వైపు పేదవాడికి కాస్త ఊపిరాడుతుంది. డెస్క్‌టాప్ రైజెన్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ అన్‌లాక్ అయ్యే వస్తాయి. బోర్డుల్లో బి350, బి450, బి550, బి650, బి850 ఓవర్‌క్లాకింగ్‌కి ఒప్పుకుంటాయి, ఎ320, ఎ520, ఎ620 ఒప్పుకోవు. బి840 దగ్గర మాత్రం జాగ్రత్త, పేరులో బి ఉంది కదా అని కొనేస్తే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ అందులో లేదు. ఎక్స్3డీ (అదనపు క్యాష్ మెమరీ ఉన్న) ప్రాసెసర్లది వేరే దారి: 5800ఎక్స్3డీ పూర్తిగా లాక్, 7800ఎక్స్3డీలో మల్టిప్లయర్ కదలదు గానీ కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజీ తగ్గించే సెట్టింగు, దాని సంగతి తర్వాత) వాడుకోవచ్చు, 2024లో వచ్చిన 9800ఎక్స్3డీ మాత్రం పూర్తిగా అన్‌లాక్. ఇక ఎక్స్570, ఎక్స్670 లాంటి పెద్ద చిప్‌సెట్ల విషయం. ఓవర్‌క్లాకింగ్ అనుమతి వాటికీ బి సిరీస్‌కీ ఒకటే. అక్కడ ఎక్కువ పెట్టే డబ్బంతా అదనపు పీసీఐఈ లేన్లకీ యూఎస్‌బీ పోర్టులకీ పోతుంది. అందుకే నా మాట సూటిగా చెప్తున్నా, చేతిలో డబ్బు తక్కువగా ఉండి ఓవర్‌క్లాక్ చేయాలన్న కోరిక ఉంటే రైజెన్, దానికి తగ్గ మంచి బి సిరీస్ బోర్డు, ఇదే తెలివైన దారి.

కరెంటు లెక్క

పవర్ సప్లై నుంచి బోర్డుకి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావాల్సింది 1.2 వోల్టుల చుట్టుపక్కల. మధ్యలో ఆ వోల్టేజీని దించి, కరెంటుని పెంచి, నిలకడగా అందించే విభాగమే వీఆర్‌ఎం, ప్రాసెసర్ సాకెట్‌కి ఎడమవైపునా పైవైపునా వరుసగా కనిపించే చిన్న చిన్న బూడిదరంగు పెట్టెలు (కాయిళ్లు), వాటి పక్కన హీట్‌సింక్ కింద దాగిన చిప్పులు, గుండ్రటి కెపాసిటర్లు, ఇవన్నీ కలిపి.

దీనిమీద ఎంత భారం పడుతుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క వేయకుండా బోర్డు ఎంచుకోవడమంటే గుడ్డిగా కొనడమే. ప్రాసెసర్ 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర 1.2 వోల్టులతో 120 వాట్లు తీసుకుంటోందనుకోండి. అంటే 100 ఆంపియర్లు. ఇప్పుడు దాన్ని 4.7కి పెంచాలి, అందుకు 1.3 వోల్టులు ఇవ్వాల్సి వచ్చింది. వాట్ల వాడకం వేగంతో పాటు మామూలుగానే పెరుగుతుంది, కానీ వోల్టేజీతో అయితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం 7 శాతం పెరిగింది, వోల్టేజీ 8 శాతం పైన పెరిగింది, రెండూ కలిసేసరికి వాడకం దాదాపు 25 శాతం పెరిగి 150 వాట్లు అయింది, కరెంటు 115 ఆంపియర్లకి చేరింది. వీఆర్‌ఎం సామర్థ్యం 90 శాతం అనుకుంటే 150 వాట్లు ఇవ్వడానికి అది 167 వాట్లు లాగుతుంది, మిగిలిన 17 వాట్లూ వేడిగా మారి ఆ చిన్నచిన్న చిప్పుల్లోనే పుడతాయి. ప్రాసెసర్ మీదైతే పెద్ద కూలర్, ఫ్యాను ఉంటాయి. ఇక్కడ చాలాసార్లు ఒక అల్యూమినియం ముక్క, అంతే.

వీఆర్‌ఎంలో ఒక కాయిల్, దాన్ని నడిపే చిప్పులు కలిస్తే ఒక ఫేజు. ఫేజుల సంఖ్య ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలుస్తుంది. పల్లకీ మోసే బోయీల్లా ఫేజులన్నీ ఆ 115 ఆంపియర్లని పంచుకుంటాయి. ఆరుగురుంటే తలా 19, నలుగురే ఉంటే తలా 29. చిప్పుల్లో కరెంటు ప్రవహించడం వల్ల పుట్టే వేడి కూడా వర్గం లెక్కనే పెరుగుతుంది కాబట్టి, అదే రకం చిప్పులైతే నాలుగు ఫేజుల బోర్డులో ఒక్కో ఫేజు మీద ఆ వేడి ఆరు ఫేజుల బోర్డుతో పోలిస్తే రెండింతలకి పైనే. మొత్తం కలిపి చూసినా ఒకటిన్నర రెట్లు.

అయితే తయారీదార్లు రాసే సంఖ్యని ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. 8+2 అని రాస్తే మొదటి సంఖ్య ప్రాసెసర్ కోర్లకి, రెండోది సాధారణంగా ఎస్ఓసీకో (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటివి ఉండే భాగం) లోపలి గ్రాఫిక్స్‌కో. పెట్టె మీద 10 అనో 11 అనో అన్నీ కలిపి రాసేస్తే అందులో కోర్లకి ఎన్నో విడదీసి చూడాలి. ఆ 8 కూడా నిజంగా ఎనిమిది కాకపోవచ్చు, నాలుగు సంకేతాలతోనే జంటలు జంటలుగా ఎనిమిది కాయిళ్లు నడిపే బోర్డులు బోలెడు. జంట కట్టడం తప్పేమీ కాదు, కరెంటు అప్పుడూ పంచుకుంటుంది, వేడీ తగ్గుతుంది, కాబట్టి అందులో మోసం ఉందని కంగారు పడక్కర్లేదు. చూడాల్సిందల్లా ఒక్కో ఫేజులో ఏ చిప్పు పెట్టారన్నదే. చవక బోర్డుల్లో 12 వోల్టుల వైపు ఒకటి, గ్రౌండ్ వైపు ఒకటో రెండో విడివిడి మాస్‌ఫెట్లు (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిప్పులు) పెడతారు. కాస్త మెరుగైన వాటిలో డ్రైవర్‌తో సహా అన్నీ ఒకే చిప్పులో ఇమిడిన పవర్ స్టేజీలు ఉంటాయి, వీటినే డీఆర్‌మాస్ అంటుంటారు, 50 ఆంపియర్లు, 60 ఆంపియర్లు అని రేటింగ్ ఉంటుంది. ఆ రేటింగు మంచి చల్లదనం ఉన్నప్పటి లెక్క. నిలకడగా నడిపేటప్పుడు అందులో సగం లోపు ఉండేలా చూసుకుంటే మంచిది. విడివిడి మాస్‌ఫెట్లున్న ఎనిమిది ఫేజుల బోర్డా, 60 ఆంపియర్ల పవర్ స్టేజీలున్న ఆరు ఫేజుల బోర్డా అంటే నేను కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటాను.

కొనేముందు బోర్డు ఫొటో ఒకటి పెద్దదిగా చేసి చూడండి. సాకెట్ చుట్టూ ఉన్న బూడిదరంగు కాయిళ్లని వేలు పెట్టి లెక్కపెట్టండి. ఆ తర్వాత హీట్‌సింక్ చూడండి. దానికి లోతైన గాళ్లు, రెక్కలు ఉన్నాయా, లేక నున్నటి దిమ్మ మీద స్టిక్కర్ అంటించారా? రెక్కలుంటే గాలికి తగిలే వైశాల్యం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. స్క్రూలతో బిగించారా, ప్లాస్టిక్ పిన్నులతోనా అన్నది బోర్డు వెనకవైపు ఫొటోలో తెలిసిపోతుంది, స్క్రూలైతే అదుము గట్టిగా ఉంటుంది. చవక బోర్డుల్లో ఇంకో పొదుపు కనిపిస్తుంది, ఎడమవైపు వరుసకి హీట్‌సింక్ పెట్టి పైవరుసని బోసిగా వదిలేస్తారు. ఆ పైవరుసలో ఉన్నవి ఎస్ఓసీ ఫేజులైతే ఫర్వాలేదు, కోర్ల ఫేజులైతే ఆ బోర్డు ఓవర్‌క్లాకింగ్‌కి వద్దు.

8 పిన్నుల ప్రాసెసర్ పవర్ కనెక్టర్ ఒక్కటుంటే మన అవసరాలకి సరిపోతుంది. 4 పిన్నులది మాత్రమే ఉన్న బోర్డు జోలికి వెళ్లకండి. రెండో కనెక్టర్ కోసం ఎక్కువ పెట్టాల్సిన పని అంతకన్నా లేదు.

మీ ప్రాసెసర్‌కి ఎంత బోర్డు కావాలి

ఇక్కడే డబ్బు మిగులుతుంది. రైజెన్‌లో 65 వాట్ల ప్రాసెసర్లకి సాధారణంగా సాకెట్ పవర్ హద్దు, అంటే పీపీటీ, 88 వాట్లు. 105 వాట్ల వాటికి 142. ఏఎమ్5లో (ఏఎమ్‌డీ కొత్త సాకెట్) 170 వాట్ల వాటికి 230. ఆరు కోర్ల 65 వాట్ల ప్రాసెసర్‌ని కొంచెం పెంచి 110 వాట్ల దగ్గర నడిపినా కరెంటు 90 ఆంపియర్ల చుట్టుపక్కలే. ఇంతమాత్రానికి హీట్‌సింక్ ఉన్న మామూలు బి550, బి650 బోర్డు హాయిగా సరిపోతుంది. పదహారు కోర్లదాన్ని తెచ్చి అదే చవక బోర్డు మీద 230 వాట్లకి పైన నడపాలనుకుంటే మాత్రం బోర్డు చేతులెత్తేస్తుంది. ఇంటెల్‌లో 12600కె టర్బో హద్దు 150 వాట్లు, 13600కెకి 181, 14900కెకి 253. మొదటి రెండూ చవక జడ్ బోర్డుల మీద సర్దుకుంటాయి, మూడోదాన్ని వాటి మీద ఓవర్‌క్లాక్ చేసే ఆలోచనే వద్దు.

రైజెన్‌లో ఇప్పుడు మల్టిప్లయర్‌ని చేత్తో పెంచడం కన్నా పీబీఓ (ప్రాసెసర్ తనంతట తానే బూస్ట్ అయ్యే హద్దుల్ని మార్చే సెట్టింగు), కర్వ్ ఆప్టిమైజర్‌తోనే ఎక్కువ లాభం. 2020లో జెన్ 3తో (రైజెన్ 5000 తరం) వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్‌లో వోల్టేజీని మెట్లు మెట్లుగా తగ్గిస్తాం, ఒక్కో మెట్టు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 20 పెడితే 60 నుంచి 100 మిల్లీవోల్టుల దాకా తగ్గుతుందన్నమాట. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే అదే పవర్ హద్దులో ప్రాసెసర్ తనంతట తానే ఇంకాస్త పైకి బూస్ట్ అవుతుంది. చవక బోర్డుకి ఇంతకన్నా అనువైన ఓవర్‌క్లాకింగ్ లేదు, ఎందుకంటే వీఆర్‌ఎం మీద భారం పెరగకుండానే వేగం వస్తుంది. పీబీఓలో హద్దులని మదర్‌బోర్డుకి వదిలేసే ఆప్షన్ ఒకటుంటుంది, చవక బోర్డులో దాన్ని పెట్టకండి, పీపీటీ అంకె మీరే వేసుకోండి.

బయోస్ గురించి కొనేముందు ఎవరూ పట్టించుకోరు, కానీ నా దృష్టిలో వీఆర్‌ఎం తర్వాత స్థానం దానిదే. లోడ్ పడగానే ప్రాసెసర్‌కి అందే వోల్టేజీ కొంచెం కిందకి జారుతుంది. 1.3 పెట్టుకుంటే లోడ్‌లో 1.24 మాత్రమే అందుతుంది, సిస్టమ్ క్రాష్ అవుతుంది, పాపం కొత్తవాళ్లు వోల్టేజీ ఇంకా పెంచుకుంటూ పోతారు. ఈ జారుడుని అదుపుచేసేది లోడ్‌లైన్ కాలిబ్రేషన్. కొన్ని చవక బోర్డుల్లో ఈ సెట్టింగే ఉండదు, లేదా ఆన్, ఆఫ్ రెండే ఉంటాయి. నాలుగైదు స్థాయిలుంటే మధ్యదాంట్లో పెట్టుకోవాలి, ఆఖరి స్థాయిలో పెడితే లోడ్ తీసిన క్షణంలో వోల్టేజీ పెట్టినదానికన్నా పైకి ఎగురుతుంది. ఆఫ్‌సెట్ పద్ధతిలో (మామూలు వోల్టేజీకి కొంత కలిపి, లేదా తీసి) వోల్టేజీ మార్చే వీలుందో లేదో కూడా చూడాలి. ఇవన్నీ తెలుసుకోవడానికి బోర్డు కొనాల్సిన పనిలేదు, తయారీదారు సైట్‌లో మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది, డౌన్‌లోడ్ చేసుకుని బయోస్ పేజీలు తిరగేస్తే పావుగంటలో తేలిపోతుంది. బయోస్ వివరాలు విడి మాన్యువల్‌లో ఉంటే దాన్నీ తీసుకోండి.

అలాగే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. ప్రాసెసర్ లేకుండానే, పవర్ ఒక్కటి ఇచ్చి పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకోవచ్చు. పాత స్టాకు బోర్డులో కొత్త ప్రాసెసర్ పెట్టేవాళ్లకి ఇది ప్రాణం పోసినట్టే. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి ఎల్‌ఈడీలు ఉండే బోర్డైతే ఇంకా మంచిది, సిస్టమ్ లేవకపోతే ఎక్కడ ఆగిందో చూడగానే తెలుస్తుంది, టెన్షన్ సగం తగ్గిపోతుంది. రంగు లైట్ల కన్నా ఈ నాలుగు లైట్లకి నేను డబ్బు పెడతాను.

ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టేముందు బయోస్ అప్‌డేట్ చేయడం తప్పనిసరి. 2023లో ఏఎమ్5 బోర్డుల్లో కొన్ని ప్రాసెసర్లు కాలిపోయాక ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటకుండా కొత్త బయోస్‌లలో కట్టడి పెట్టారు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని తేలాక 2024 ఆగస్టులో 0x129 మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ సవరణ) వచ్చింది. మీ బయోస్ వీటికన్నా పాతదైతే మిగతాదంతా ఆపి ముందు అది మార్చండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ పాడైతే వారంటీ వర్తించదని ఏఎమ్‌డీ స్పష్టంగానే చెప్తుంది, పీబీఓకి కూడా అదే మాట.

మెమరీ వైపు తక్కువ ఖర్చుతో వచ్చే లాభాన్ని వదులుకోకండి. జెన్ 2, జెన్ 3లో డీడీఆర్4 3600 దగ్గర, ఏఎమ్5లో డీడీఆర్5 6000 దగ్గర మంచి సమతూకం దొరుకుతుంది, చాలా బోర్డులు బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో (మెమరీని దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగు) ఆన్ చేస్తే అక్కడికి వెళ్తాయి. నాలుగు స్లాట్ల బోర్డైతే రెండు స్టిక్కులని సాకెట్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. రెండే స్లాట్లున్న బోర్డుని చిన్నచూపు చూడొద్దు, మెమరీ వేగానికి అదే మేలు చేస్తుంది చాలాసార్లు. నాలుగు స్టిక్కులు నింపితే వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది.

ఇంకో లెక్క కూడా తప్పకుండా వేసుకోండి. ఓవర్‌క్లాకింగ్ కోసం బోర్డు మీద అదనంగా పెట్టేది, దానికి తోడు మంచి కూలర్ మీద పెట్టేది, రెండూ కలపండి. ఆ మొత్తం పై మోడల్ ప్రాసెసర్‌కీ మీ ప్రాసెసర్‌కీ ఉన్న తేడాకి దగ్గరగా వస్తే పై మోడల్ కొనేయండి. ఓవర్‌క్లాకింగ్‌లో ఎంత వస్తుందన్నది చిప్పు చిప్పుకీ మారుతుంది, అదనపు కోర్లు మాత్రం కచ్చితంగా వస్తాయి. ఒక్క సందర్భంలో నా మాట మారుతుంది: అదే బోర్డులో రెండు మూడేళ్ల తర్వాత పెద్ద ప్రాసెసర్ వేసుకోవాలనుకుంటే. ఏఎమ్5 సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ ప్రకటించింది కాబట్టి, ఇవాళ్టి అవసరానికి మించిన వీఆర్‌ఎం అక్కడ వృథా కాదు.

సెకండ్ హ్యాండ్ బోర్డు తీసుకుంటే ప్రాసెసర్ తీసేసిన సాకెట్ ఫొటో అడగండి. ఏఎమ్5లోనూ ఇంటెల్‌లోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, ఒకటి వంగినా మెమరీ చానెల్ పోవచ్చు. వీఆర్‌ఎం చుట్టూ బోర్డు రంగు గోధుమరంగుకి తిరిగి ఉంటే అది చాలాకాలం వేడిలో నలిగిందని అర్థం, బేరం ఎంత బాగున్నా వదిలేయండి.

బోర్డు వచ్చి, ప్రాసెసర్ సెట్ చేసుకున్నాక సినీబెంచ్ లాంటి లోడ్‌ని అరగంట ఆపకుండా నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో వీఆర్‌ఎం ఉష్ణోగ్రత చూడండి. 90 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 100 దాటితే ఆలోచించాలి. ఆ సెన్సర్ లేని బోర్డైతే ప్రాసెసర్ వేగాన్ని గమనించండి. ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గరే ఉండి, పవర్ హద్దు కూడా తగలకుండానే వేగం 4.6 నుంచి ఉన్నట్టుండి 3 చిల్లరకి పడిపోయి మళ్లీ లేస్తుంటే అది వీఆర్‌ఎం వేడెక్కి బోర్డు తనని తాను కాపాడుకుంటున్న లక్షణం. లిక్విడ్ కూలర్ వాడేవాళ్లకి ఇది ఎక్కువగా ఎదురవుతుంది, ఎందుకంటే సాకెట్ చుట్టూ గాలి ఆడదు. అప్పుడు బోర్డు మార్చే ముందు ఒక చిన్న ఫ్యాను ఆ హీట్‌సింక్ మీదకి తిప్పి చూడండి, అయినా తగ్గకపోతే పీపీటీని 10 వాట్ల చొప్పున దించుతూ వేగం నిలకడగా నిలిచే చోట ఆపండి.